గడువు దాటాక వచ్చిన విజయం: ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి

అమెరికాలో పీహెచ్‌డీకి, పేరున్న విభాగాల్లో ఎంఎస్‌కి దరఖాస్తు గడువులు చాలావరకు డిసెంబరు మొదటి పక్షంలోనే ముగుస్తాయి. ఫలితాలు ఫిబ్రవరిలో మొదలై, అన్నీ తేలేసరికి ఏప్రిల్ సగం గడిచిపోతుంది. ఈ నాలుగు నెలలూ దరఖాస్తు పెట్టినవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోరు. సమీక్షకు పంపిన పరిశోధన పత్రం ఆమోదం పొందవచ్చు, ఏడో సెమిస్టర్ మార్కులు రావచ్చు, మళ్లీ రాసిన టోఫెల్‌లో స్కోరు పెరగవచ్చు, ఎప్పుడో అడిగిన ఫెలోషిప్ చేతికి రావచ్చు. డిసెంబరులో సబ్మిట్ బటన్ నొక్కేసిన ఫైల్లో ఇవేవీ ఉండవు. వీటిని విశ్వవిద్యాలయానికి తెలియజేయవచ్చా? తెలియజేస్తే ఎవరైనా చూస్తారా? చూస్తే నిర్ణయం మారుతుందా? ఓపెన్ డోర్స్ నివేదిక లెక్క ప్రకారం 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది ఉంటే, వారిలో 1,96,567 మంది డిగ్రీ దాటిన చదువుల్లో ఉన్నవాళ్లు. ఆ సంఖ్యలో తెలుగువాళ్ల పాలు ఎంత పెద్దదో మన ఊళ్లలో ఎవరినీ ప్రత్యేకంగా అడిగి తెలుసుకోనక్కర్లేదు. అందుకే ప్రతి జనవరిలోనూ ఎన్నో తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న లేస్తుంది. జవాబు మాత్రం ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. ఒకరు ‘వెంటనే మెయిల్ కొట్టు’ అంటే, ఇంకొకరు ‘విసిగిస్తే ఉన్న అవకాశం పోతుంది’ అంటారు.

మనవాళ్లకు ఈ తికమక ఎక్కువగా ఉండడానికి కారణం ఉంది. తెలుగు రాష్ట్రాల్లో చదువుకున్న పిల్లలకు ప్రవేశం అంటే ర్యాంకు. ఎప్‌సెట్ అయినా గేట్ అయినా పరీక్ష హాల్లోంచి బయటికి వచ్చాక కలపడానికి, తీసేయడానికి ఏమీ మిగలదు. ర్యాంకు వస్తుంది, వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటారు, కటాఫ్‌లో ఉంటే సీటు వస్తుంది. పరీక్ష తర్వాత పత్రం అచ్చయిందనో, పతకం వచ్చిందనో కన్వీనర్‌కు ఉత్తరం రాయాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. అలా పెరిగిన విద్యార్థి, మనుషులు కూర్చుని ఫైళ్లు చదివి చర్చించి ఎంపిక చేసే పద్ధతిలోకి అడుగుపెట్టగానే రెండు విధాలుగా తప్పటడుగు వేస్తాడు. పంపేశాక ఇక మాట్లాడకూడదనుకుని నిజంగా పనికొచ్చే కబురును మింగేస్తాడు, లేదా మనుషులే కదా అని వచ్చిన ప్రతి సర్టిఫికెట్‌నూ వాళ్ల మీదికి తోస్తాడు. రెండింటికీ మూలం ఒక్కటే: అవతలివాళ్లు ఆ సమయంలో ఏం తేల్చుకోవడానికి కష్టపడుతున్నారో తెలియకపోవడం. దరఖాస్తు తర్వాత వచ్చిన విజయం ఎంత గొప్పదన్నది రెండో సంగతి. కమిటీకి ఇంకా తేలకుండా ఉన్న ఒక సందేహాన్ని, అది తేలిపోకముందే, రుజువుతో తీర్చగలిగితే ఆ కబురుకు బలం ఉంటుంది. ఆ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా అది ఫైల్లో చేరిన ఇంకో కాగితమే.

కమిటీ గదిలో జరిగేది బయటికి పెద్దగా రాదు. దాన్ని దగ్గరుండి గమనించి రాసినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది జూలీ పోసెల్ట్‌ని. మూడు విశ్వవిద్యాలయాల్లోని పది అగ్రశ్రేణి పీహెచ్‌డీ విభాగాలను అధ్యయనం చేసి ఆమె రాసిన ‘ఇన్‌సైడ్ గ్రాడ్యుయేట్ అడ్మిషన్స్’ పుస్తకాన్ని హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2016లో ప్రచురించింది. ఆమె గమనించిన దాంట్లో మనకు కావలసిన ముక్క ఇది: మొదటి వడపోతలో ఆచార్యులు పరీక్ష స్కోర్లు, చదివిన కాలేజీ పేరు లాంటి చేతికందే గుర్తుల మీద ఎక్కువగా ఆధారపడతారు, ఫైళ్లు తగ్గేకొద్దీ చర్చ మొదలవుతుంది, మనిషి చేసిన పనినీ నేపథ్యాన్నీ అప్పుడు నిదానంగా చూస్తారు. ఆ తర్వాతి కాలంలో చాలా విభాగాలు జీఆర్‌ఈని పక్కన పెట్టాయి గాని వడపోత మాత్రం పోలేదు. వందల ఫైళ్లను కొద్దిమంది ఆచార్యులు తమ పాఠాల మధ్య, సొంత పరిశోధన మధ్య కొన్ని వారాల్లో చదవాలంటే మరో దారి లేదు. దీన్నిబట్టి రెండు సంగతులు బోధపడతాయి. మొదటి వడపోతలోనే పక్కకు వెళ్లిన ఫైలును ఏ అప్‌డేటూ వెనక్కి తేలేదు, ఎందుకంటే దాన్ని మళ్లీ తెరిచేవాళ్లు ఉండరు. అందరికీ నచ్చిన ఫైలుకు అప్‌డేట్ అవసరమే లేదు. మిగిలింది నడుమ ఉన్నవాళ్లు: ఒకరు కావాలని, మరొకరు ఇంకొంచెం రుజువు కావాలని అంటున్న ఫైళ్లు, వెయిట్‌లిస్ట్‌లో ఉన్న ఫైళ్లు. కొత్త కబురు పనిచేసే చోటు ఆ ఇరుకు నడుమే. తాను ఏ వర్గంలో ఉన్నాడో విద్యార్థికి తెలియదు కాబట్టి చెప్పదగిన కబురుంటే చెప్పడమే తెలివి. చెప్పాక దాని మీద ఆశలన్నీ పెట్టుకోవడం మాత్రం తెలివి కాదు.

కబుర్లన్నింటిలోకీ బరువైనది పరిశోధన పత్రం ఆమోదం. కంప్యూటర్ సైన్స్‌లో ఇది మరీ ముఖ్యం. మన విద్యార్థులు ఎక్కువగా వెళ్లేదీ అటే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఈ రంగంలో పేరు తెచ్చేవి పత్రికల కంటే సదస్సులు, వాటికో స్థిరమైన క్యాలెండర్ ఉంది. న్యూరిప్స్ ఫలితాలు సెప్టెంబరు చివర వస్తాయి కాబట్టి అక్కడ నెగ్గిన పత్రం డిసెంబరు దరఖాస్తులోకి హాయిగా ఎక్కుతుంది. ఐసీఎల్‌ఆర్‌కు సెప్టెంబరు ఆఖరులో పంపితే నవంబరులో సమీక్షలు, జనవరి రెండో పక్షంలో నిర్ణయం వస్తాయి. సీవీపీఆర్‌కు నవంబరులో పంపితే తేలేది ఫిబ్రవరి చివర. అంటే ఒకే స్థాయి పని చేసిన ముగ్గురు విద్యార్థుల్లో ఒకరి విజయం దరఖాస్తులోనే ఉంటుంది, రెండో వాళ్లది కమిటీ చర్చల మధ్యలో వస్తుంది, మూడో వాళ్లది చాలా విభాగాలు మొదటి విడత ఆఫర్లు పంపేశాక వస్తుంది. రెండో విద్యార్థి అప్‌డేట్ పంపకపోతే నష్టపోయేది తనొక్కడే కాదు, కమిటీ కూడా. ‘సమీక్షలో ఉంది’ అని సీవీలో చూసి పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్న ఆచార్యుడికి ఆ ఒక్క వాక్యంతో సందేహం తీరుతుంది. మూడో విద్యార్థికి దారి వెయిట్‌లిస్ట్ ఒక్కటే. మొదటి విడత అయిపోయాక ఎంత మంచి సదస్సు పేరు చెప్పినా, సీటు ఖాళీ అయితే తప్ప దానికి చోటు లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పత్రం ప్రయాణంలో ఎన్నో మజిలీలు: పంపడం, సమీక్ష, సవరించి మళ్లీ పంపమనడం, ఆమోదం, ప్రచురణ. మన కాలేజీల్లో ‘పేపర్ కమ్యూనికేట్ చేశాం’ అనేదాన్ని కూడా విజయంగానే లెక్కేస్తారు. పంపడం ఎవరైనా చేయగలిగిన పని, దాన్ని వార్తగా మోయడం వల్ల ఒరిగేది లేదు. ఏదో మంచి పత్రిక సవరణలు అడిగిందంటే కొంత బరువుంది, ఆమోదం వచ్చిందంటే పూర్తి బరువు. డబ్బు కడితే రెండు రోజుల్లో అచ్చు వేసే పత్రికల సంగతి వేరే. యూజీసీ 2018 నవంబరులో నమ్మదగిన పత్రికల ‘కేర్’ జాబితా తీసుకురావడానికీ ఈ బెడదే కారణం. ఆ జాబితానూ 2025లో ఎత్తేశారు, బెడద మాత్రం మిగిలింది. అలాంటి పత్రికలో వచ్చిన పత్రాన్ని అప్‌డేట్‌గా పంపడం కంటే ఊరుకోవడం మేలు. డిసెంబరు ఫైల్లో నలుగురి కంటా పడని బలహీనతను జనవరిలో విద్యార్థే ఎత్తి చూపినట్టవుతుంది. అమాయకంగా ఫీజు కట్టిన విద్యార్థి పట్ల నాకు సానుభూతే ఉంది, ఎందుకంటే ఆ దారి చూపించింది చాలాసార్లు కాలేజీయే. కానీ చదివేవాళ్లకు ఆ సానుభూతి ఉంటుందని అనుకోలేం.

మార్కుల విషయం మరో రకం. బీటెక్ విద్యార్థి డిసెంబరులో దరఖాస్తు పెట్టేటప్పటికి చేతిలో ఉండేది మూడో సంవత్సరం వరకు వచ్చిన మార్కుల మెమోలు. 4-1 (నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్) పరీక్షలు అయ్యి ఫలితాలు వచ్చేసరికి కమిటీల పని సగం గడిచిపోతుంది. 4-2 ఫలితాలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ అన్నీ వేసవి దాకా రావు. ఒక సెమిస్టర్ సగటు 8.4 నుంచి 8.6కి పెరిగిందని రాస్తే ఏ కమిటీ కూడా మనసు మార్చుకోదు. కానీ రెండో సంవత్సరంలో దెబ్బతిని క్రమంగా పైకి వస్తున్న విద్యార్థి విషయం వేరు. అలాంటి ఫైలును చూసినవాళ్ల మనసులో ‘ఈ ఎదుగుదల నిలుస్తుందా’ అన్న ప్రశ్న ఉంటుంది. 4-1 మెమో దానికి నేరుగా జవాబు చెబుతుంది. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లకూ అంతే; ఆ సబ్జెక్టు క్లియర్ అయిందన్న మెమో తప్పకుండా పంపవలసిన కాగితం. ఇంగ్లిష్ పరీక్ష స్కోరుకు ఇంకో తీరు: విభాగం పెట్టిన కనీస స్కోరుకు దిగువన ఉండి ఇప్పుడు దాటితే అది పెద్ద కబురు, ముందే దాటి ఉన్నవాళ్లకు ఇంకో నాలుగు మార్కులు పెరగడం కబురే కాదు.

కబురు వల్ల నిర్ణయం నిజంగా తారుమారయ్యే చోటు ఒకటుంది. అది డబ్బు. పీహెచ్‌డీ సీటు అంటే అయిదారేళ్ల ట్యూషన్, స్టైపెండ్ భారం విభాగం మీదో, ఒక ఆచార్యుడి గ్రాంటు మీదో పడుతుంది. అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే జీఆర్‌ఎఫ్‌పీ ఫెలోషిప్ మూడేళ్ల పాటు ఏడాదికి 37,000 డాలర్ల స్టైపెండ్, ట్యూషన్ కింద విశ్వవిద్యాలయానికి 16,000 డాలర్లు ఇస్తుంది. ఆ ఫలితాలు ఏప్రిల్ మొదట్లో వస్తాయి. సరిగ్గా అప్పటికి వెయిట్‌లిస్ట్‌లో ఉన్నవాళ్లకు అది గట్టి అప్‌డేట్, ఎందుకంటే వాళ్లను తీసుకోవడానికి అడ్డం వచ్చిన కారణమే చాలావరకు తొలగిపోతుంది. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఇది నేరుగా వర్తిస్తుంది. 2025లో ఆ ఫెలోషిప్‌ల సంఖ్య ఒక్కసారిగా పడిపోవడం, పరిశోధన నిధుల అనిశ్చితి వల్ల కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ ప్రవేశాలను తగ్గించడం, ఇచ్చిన ఆఫర్లను కూడా కొన్నిచోట్ల వెనక్కి తీసుకోవడం చూశాక, డబ్బు లేని చోట ఎంత మంచి పత్రమైనా సీటు పుట్టించలేదని మరింత తేటతెల్లమైంది. ఇక్కడి నుంచి సొంత డబ్బుతోనో, లోన్‌తోనో ఎంఎస్‌కి వెళ్లేవాళ్లు మాత్రం దీన్ని చూసి పొరబడకూడదు. తండ్రి బ్యాంకు నిల్వ పెరిగిందనో, లోన్ మంజూరైందనో అడ్మిషన్ కమిటీకి రాయడం వృథా. ఆ కాగితాలు చూసేది అడ్మిట్ వచ్చాక, వీసాకు కావలసిన ఐ-20 పత్రం ఇచ్చేటప్పుడు.

గడువు తర్వాత వచ్చిన కబురును చూసే పద్ధతి అన్నిచోట్లా ఒకేలా లేదు. జర్మనీలో చాలా కోర్సులకు గడువు తేదీ గట్టి గోడ. శీతాకాలపు సెమిస్టర్‌కు ఎక్కువచోట్ల జూలై 15, విదేశీయులకు కొన్నిచోట్ల ఇంకా ముందు. దరఖాస్తులు పరిశీలించే యూని-అసిస్ట్ సంస్థ ద్వారా వెళ్లినా నేరుగా వెళ్లినా, గడువు తర్వాత చేరిన కాగితానికి సాధారణంగా లెక్క లేదు. బ్రిటన్‌లో పీజీ ఆఫర్లు చాలావరకు షరతుతో వస్తాయి: చివరి మార్కులు ఇంత ఉండాలని ముందే చెప్పి సీటు ఇస్తారు, అప్‌డేట్ అన్నది ఆ ఏర్పాటులోనే ఇమిడి ఉంటుంది. డిగ్రీ స్థాయిలో అయితే, అనుకున్న దానికంటే మంచి మార్కులు వచ్చినవాళ్లు ఇంకా మెరుగైన చోటు వెతుక్కునేందుకు ప్రవేశాల సంస్థ యూకాస్ ‘అడ్జస్ట్‌మెంట్’ అనే వెసులుబాటును కూడా ఇచ్చేది, 2022 ప్రవేశాల నుంచి దాన్ని తీసేసింది. అమెరికాలోనే వైద్య రెసిడెన్సీ చూడండి. మన ఎంబీబీఎస్ పట్టభద్రులు పెట్టే ఈరాస్ దరఖాస్తులో ఒకసారి సర్టిఫై చేశాక కొత్త పత్రం పేరు కూడా చేర్చలేరు. అయితే కొత్తగా వచ్చిన యూఎస్‌ఎంఎల్‌ఈ స్కోరును మళ్లీ పంపే దారి అందులోనే ఉంచారు. అదొక తెలివైన గీత. స్కోరు మూడో మనిషి ధ్రువీకరించింది, అందరికీ ఒకే కొలత. పత్రం పేరు అభ్యర్థి తనంతట తాను రాసుకున్నది. ఇలా వరుసగా చూస్తే అప్‌డేట్‌ను అనుమతించడం, అనుమతించకపోవడం ఏదో సహజ న్యాయం కాదనీ, ఎక్కడికక్కడ తీసుకున్న నిర్ణయమనీ స్పష్టమవుతుంది. అమెరికా పీజీ ప్రవేశాల చిక్కల్లా, చాలా విభాగాలు ఆ నిర్ణయం తీసుకోకుండా వదిలేయడమే.

అప్‌డేట్లను అనుమతించడానికి గట్టి అభ్యంతరం ఒకటుంది. గడువు అంటే అందరికీ ఒకే రోజు గీసిన గీత. ఆ రోజు వరకు ఉన్నదాన్నిబట్టే అందరినీ పోల్చడం న్యాయం. ఒకరిని జనవరి స్థితిలో, ఇంకొకరిని డిసెంబరు స్థితిలో చూస్తే కొలత చెడిపోదా? ఈ వాదాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. ప్రతి ఫైలుకూ ఒక్కసారే మార్కులు వేసి జాబితా తయారు చేసే విభాగం ‘గడువు తర్వాత ఏదీ తీసుకోం’ అంటే అది పూర్తిగా న్యాయమే, దరఖాస్తుదారు దానికి తలవంచాలి. అలా స్పష్టంగా రాసిన చోట కూడా సందు వెతికి ఆచార్యుడికి వ్యక్తిగతంగా మెయిల్ పెట్టడం తప్పు. కానీ అన్ని విభాగాలూ నిజంగా అలా పనిచేస్తున్నాయా? ఇంటర్వ్యూలు జనవరి, ఫిబ్రవరి నెలల్లో జరుగుతాయి. అక్కడ ‘ఇప్పుడేం చేస్తున్నారు’ అని అడుగుతారు, చెప్పిన జవాబు లెక్కలోకి వస్తుంది. ఆచార్యులు సిఫార్సు రాసినవారికి ఫోన్ చేస్తారు, విద్యార్థి వెబ్‌పేజీ తెరిచి చూస్తారు. ఆఫర్ ఇచ్చినవాళ్ల నుంచి చివరి ట్రాన్స్‌క్రిప్ట్ అడుగుతారు, అందులో తేడా కనిపిస్తే ఆఫర్‌నే పునరాలోచిస్తారు. ఇన్ని కిటికీలు తెరిచి ఉంచి తలుపు ఒక్కటే మూసి దాన్ని సమానత్వం అనడం సరికాదు. పైగా ఆ గీత అందరికీ ఒకే చోట పడడం లేదు. న్యూరిప్స్‌కు పంపినవాళ్లకూ ఐసీఎల్‌ఆర్‌కు పంపినవాళ్లకూ మధ్య తేడా ప్రతిభది కాదు, క్యాలెండర్‌ది. డిసెంబరు మధ్యలో సెమిస్టర్ గ్రేడ్లు వచ్చే అమెరికన్ కాలేజీ విద్యార్థికీ, ఫలితాలు ఎప్పుడొస్తాయో తెలియని మన అనుబంధ కాలేజీ విద్యార్థికీ మధ్య కూడా అంతే. రుజువున్న కబురును పరిమితంగా చూడడం ఆ తేడాను కాస్తయినా సరిచేస్తుంది.

రెండో అభ్యంతరం ఎదురు వైపు నుంచి వస్తుంది: పంపితే పోయేదేముంది, అన్నీ పంపేద్దాం. కొన్ని కన్సల్టెన్సీలు విద్యార్థులకు ఇచ్చే సలహా కూడా ఇదే, ‘టచ్‌లో ఉండండి, పేరు గుర్తుండాలి’ అని. కమిటీలోని ఆచార్యుడి దృష్టిలో ఆలోచిస్తే ఈ సలహా ఎంత చెడ్డదో అర్థమవుతుంది. కోర్సెరా సర్టిఫికెట్, కాలేజీ హ్యాకథాన్‌లో రెండో బహుమతి, ప్రాజెక్టులో కొత్త మాడ్యూల్: ఇవి వరుసగా వస్తుంటే విద్యార్థి ఏది ముఖ్యమో తేల్చుకోలేకపోతున్నాడన్న అభిప్రాయం కలుగుతుంది. పరిశోధనకు మొదట కావలసింది ఆ తేల్చుకునే శక్తే. అంతేకాదు, ఎవరికి రాస్తున్నామన్నది కూడా చూడాలి. ఇంజినీరింగ్‌లో మెకానికల్, మెటీరియల్స్ లాంటి కొన్ని విభాగాల్లో గ్రాంటు చేతిలో ఉన్న ఆచార్యుడే విద్యార్థిని ఎంచుకుంటాడు. ముందునుంచి మాటలు నడుస్తున్న ఆచార్యుడికి అక్కడ కబురు చెప్పడం సబబే. జీవశాస్త్రంలో చాలా ప్రోగ్రామ్‌లు విద్యార్థిని తీసుకుని మొదటి ఏడాది రెండు మూడు ల్యాబ్‌ల్లో తిప్పుతాయి. అక్కడ ఒక్క ఆచార్యుడికి రాసి లాభం లేదు. ప్రొఫెషనల్ ఎంఎస్ కోర్సుల్లో నిర్ణయం ఎక్కువగా ట్రాన్స్‌క్రిప్ట్, స్కోర్ల మీద జరుగుతుంది. అక్కడ పత్రం ఆమోదం కంటే క్లియరైన బ్యాక్‌లాగ్ విలువైన కబురు.

పంపదగిన కబురు ఎలా ఉంటుందో ఒకటి దగ్గరగా చూద్దాం. ముందు అప్లికేషన్ పోర్టల్‌లోకి వెళ్లాలి. చాలా విశ్వవిద్యాలయాలు వాడే స్లేట్ లాంటి వ్యవస్థల్లో, విభాగం అనుమతించి ఉంటే, సబ్మిట్ చేశాక కూడా కాగితం అప్‌లోడ్ చేసే పెట్టె కనిపిస్తుంది. అది ఉంటే అదే దారి. లేకపోతే విభాగపు అడ్మిషన్ల కోఆర్డినేటర్‌కు మెయిల్. సబ్జెక్ట్ లైన్‌లో పేరు, అప్లికేషన్ నంబరు, ప్రోగ్రామ్. లోపల ఇంతే: ‘డిసెంబరు 12న పంపిన నా సీవీలో సమీక్షలో ఉందని పేర్కొన్న రెండో పత్రానికి ఈ వారం ఆమోదం లభించింది. అందులో నేను మొదటి రచయితను. పత్రం లింకు, ఆమోద పత్రం జతచేశాను. వీలైతే నా ఫైల్లో చేర్చగలరు.’ అయిదు వాక్యాలు దాటనక్కర్లేదు. ‘మీ విశ్వవిద్యాలయంలో చదవడం నా చిన్ననాటి కల’ లాంటిది ఒక్కటీ ఉండకూడదు, ఎస్‌వోపీని మళ్లీ రాసి పంపకూడదు. డిసెంబరు ఫైల్లో ఉన్న ఒక పంక్తిని ఈ మెయిల్ వేలు పెట్టి చూపిస్తుంది. అందువల్ల చదివేవాళ్లకు కొత్తగా వెతుక్కునే పని ఉండదు, వాళ్లు పెట్టుకున్న ప్రశ్నార్థకం మీదికే నేరుగా వెళతారు. అయినా ఒకటి గుర్తుంచుకోవాలి. అప్‌లోడ్ అయిన ప్రతిదీ చదివేవాళ్ల కంట పడుతుందన్న హామీ లేదు. ఫైలును అంతకుముందే దించుకుని చదివేసిన ఆచార్యుడు దాన్ని మళ్లీ తెరవకపోవచ్చు. అందుకే అదే మాట సిఫార్సు రాసిన గురువు నోటి నుంచి వస్తే బలం ఎక్కువ. ఐఐఎస్‌సీలోనో ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్‌లోనో వేసవి ఇంటర్న్‌షిప్ చేయించిన గైడ్ రెండు వాక్యాలు రాస్తే కమిటీ దాన్ని సాక్ష్యంగా చూస్తుంది. సిఫార్సు లేఖ చిత్తుప్రతి విద్యార్థే రాసిచ్చి సంతకం పెట్టించుకునే కాలేజీల్లో చదివినవాళ్లకు ఆ తోడు దొరకదు. ఈ తేడా నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అందులో విద్యార్థి తప్పు ఇసుమంత కూడా లేదు.

విభాగాలు ఈ విషయంలో నియమాన్ని రాసి పెట్టాలని నేను గట్టిగా అనడానికి కారణం కూడా అదే. ‘అప్‌డేట్లు తీసుకుంటామని ప్రకటిస్తే మెయిళ్లు వరదలా వస్తాయి, సిబ్బందికి భారం’ అని విశ్వవిద్యాలయాలు అనవచ్చు. నిజానికి నియమం లేకపోవడం వల్లే ప్రతివాళ్లూ మెయిల్ పెట్టి అడగవలసి వస్తోంది. ఏ రకం కబుర్లు తీసుకుంటారు, ఏ తేదీ వరకు, పోర్టల్‌లో ఏ పెట్టెలో అన్నది వెబ్‌సైట్‌లో మూడు వాక్యాల్లో రాస్తే సరిపోతుంది. పత్రం ఆమోదం, కొత్త మార్కుల మెమో, బయటి ఫెలోషిప్, ఇంతవరకే అని కత్తిరించినా ఎవరికీ అన్యాయం జరగదు. రాయని నియమం మాత్రం ఒక వర్గానికే తెలుస్తుంది. తల్లిదండ్రులు ఆచార్యులైన పిల్లలకు, సీనియర్లు అదే ల్యాబ్‌లో ఉన్నవాళ్లకు జనవరిలో ఎవరికి రాయాలో తెలుసు. నరసరావుపేటలోనో నిజామాబాద్‌లోనో చదువుకుని, ఇంట్లో మొదటిసారి విమానం ఎక్కబోతున్న పిల్లకు తెలియదు. ప్రతిభ చూసి ఎంపిక చేస్తున్నామని చెప్పుకునే వ్యవస్థ, ఎవరికి ఆ గుట్టు తెలుసో చూసి ఎంపిక చేయకూడదు.

ఇదంతా మంచి కబుర్ల గురించి. మార్పు చెడువైపు జరిగితే? ఈ సగాన్ని మనం మాట్లాడుకోం గాని అది మరింత ముఖ్యం. దరఖాస్తు చివర సంతకం లాగా టిక్ పెట్టే చోట, ఇచ్చిన సమాచారం నిజమనీ, తప్పని తేలితే ప్రవేశం రద్దు చేయవచ్చనీ ఉంటుంది. క్రమశిక్షణ చర్యలు లాంటి వాటిలో మార్పు వస్తే తెలియజేయాలని కొన్ని దరఖాస్తులు విడిగా కోరతాయి. ఆమోదం పొందిందని రాసిన పత్రాన్ని తర్వాత వెనక్కి తీసుకోవలసి వస్తే చెప్పి తీరాలి. ఫైల్లో ఉన్న మాట ఇప్పుడు అబద్ధమైంది. చివరి ఏడాది సబ్జెక్టు తప్పి డిగ్రీ జూలైకి పూర్తికాదని తెలిస్తే, అడ్మిట్ వచ్చిన చోట ముందుగా చెప్పుకోవాలి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎలాగూ బయటపడేదాన్ని దాచి ఆగస్టులో దొరికిపోవడం కంటే, మేలో చెప్పి వాయిదా అడగడం వెయ్యిరెట్లు మేలు. సమీక్షలో ఉందని రాసిన పత్రం తిరస్కరణకు గురైతే? రాసిన రోజున అది నిజమే కాబట్టి తనంతట తానుగా మెయిల్ పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పి, సమీక్షకులు ఎత్తిచూపిన లోపాలను ఎలా సరిదిద్దుతున్నారో చెప్పాలి. అలా చెప్పగలిగినవాళ్లను మంచి ఆచార్యులు ఇంకాస్త శ్రద్ధగా వింటారు.

చివరికి మిగిలేది వెయిట్‌లిస్ట్. ఆర్థిక సహాయంతో కూడిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 లోపు జవాబు ఇమ్మని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదని అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం ఒకటుంది. ప్రముఖ విశ్వవిద్యాలయాలు చాలావరకు దాని మీద సంతకం చేశాయి. అందుకే రెండు మూడు ఆఫర్లు పట్టుకున్నవాళ్లు ఆ తేదీ దగ్గరికి వచ్చాక మిగతావి వదులుతారు, అప్పుడు సీట్లు కదులుతాయి. వెయిట్‌లిస్ట్‌లో ఉన్నవాళ్లు ఏప్రిల్ మొదటి వారంలో ఇంకా ఆసక్తి ఉందని, కొత్తగా జరిగింది ఇదని ఒక ఉత్తరం రాయడం సముచితం. మీరు పిలిస్తే తప్పక వస్తానన్న మాట ఒక్క చోటికే రాయాలి. నాలుగు చోట్లకు రాస్తే అది అబద్ధం. ఆ సమయంలో విదేశీ విద్యార్థి విషయంలో విభాగానికి మరో సందేహం కూడా ఉంటుంది. మే నెలలో సీటు ఇస్తే ఐ-20 జారీ కావాలి, 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టాలి, డీఎస్-160 వీసా ఫారం నింపాలి, హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా స్లాట్ దొరకాలి, ఆగస్టులో క్లాసులకు చేరాలి. ఈ మనిషి అందుకోగలడా? పాస్‌పోర్టు, నిధుల కాగితాలు సిద్ధంగా ఉన్నాయని, ఆఫర్ వచ్చిన వారంలోపే ఐ-20కి కావలసినవన్నీ పంపగలనని ఆ ఉత్తరంలో ఒక వాక్యం చేర్చాలి. పత్రం ఆమోదం గురించి రాసిన వాక్యమంత అవసరమైనదే ఇదీ.